నాకేమీ కానివాళ్ళ చావులు

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. రాస్తే చదివినవాళ్ళు నన్ను పిచ్చిదనుకుంటారు. రాయకపోతే కోయిలకుంట్లలో సగం మంది అనుకుంటున్నది అలాగే ఉండిపోతుంది. రెండింట్లో పిచ్చిదనిపించుకోవడమే మేలనిపించి కూర్చున్నాను.

నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. ఎక్కడో దూరదేశపు ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన కాగితాలు నా కంప్యూటర్ తెర మీదికి వస్తాయి. వాటిని చదివి ఏ జబ్బుకు ఏ నంబరో వెయ్యాలి. మెడికల్ కోడింగ్ అంటారు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అదే పని. మోకాలి నొప్పికి ఒక నంబరు, కుడి మోకాలైతే ఇంకో నంబరు, నిచ్చెన మీద నుంచి పడి విరిగితే వేరే నంబరు. మనిషి ఒంటరిగా బతుకుతున్నాడు అనడానికి కూడా ఒక నంబరు ఉంది. అది వెయ్యాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. ఆ ముసలాయన ఎవరో, ఆ ముసలామె ఎవరో, వాళ్ళను కనీసం ఒక డాక్టరు అడిగి రాసుకున్నాడు కదా అనుకునేదాన్ని. నంబరు వేసి తరువాతి కాగితానికి పోయేదాన్ని.

అంతకుముందు హైదరాబాదులో ఆఫీసుకు పోయేవాళ్ళం. కరోనాలో అందర్నీ ఇళ్ళకు పంపారు. మళ్ళీ పిలుస్తారనుకున్నాం, పిలవలేదు. నేను కోయిలకుంట్లకు అమ్మ దగ్గరికి వచ్చేశాను. మిద్దె మీద రెండు అద్దె గదులు, ముందు కాస్త ఖాళీ జాగా, కింద ఇంటి ఓనరు కుటుంబం. ఏడాది పాటు బాగానే గడిచింది. తర్వాత రాజంపేటలో మా అక్కకు రెండో కాన్పు కష్టమైందని అమ్మ అక్కడికి పోయింది. నెల అంది, ఆరు నెలలంది, ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు. నేనూ ఒక నెల అక్కడికి పోయి చూశాను. రెండు గదుల ఇంట్లో ఆరుగురం. అక్క పెద్దకూతురు నా మీటింగు మధ్యలో వచ్చి, "పిన్నీ, దొడ్డికొస్తాంది" అని గట్టిగా చెప్పింది. ఎనిమిది మంది విన్నారు. మా టీమ్ లీడరు మాత్రం నవ్వలేదు. సామాను సర్దుకుని తిరిగి వచ్చేశాను.

నాకు ముప్ఫై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని జనం అడుగుతుంటే ఒకప్పుడు చిరాకు పడేదాన్ని. ఆ ఏడాది వేసవి వచ్చేసరికి, ఎవరైనా ఆ ముక్కైనా అడిగితే బాగుండు అనిపించే దశకు వచ్చాను.

ఒంటరితనం మొదట గొంతులో తెలిసింది. శనివారం, ఆదివారం ఒక్క మాట కూడా మాట్లాడను. సోమవారం పొద్దున మీటింగులో పలకాల్సి వస్తే గొంతు పెగలదు. అందుకని తొమ్మిదికి పది నిమిషాల ముందు గదిలో నాలో నేనే ఒకట్లు, రెండ్లు చదువుకుని గొంతు సవరించుకునేదాన్ని. కింద ఓనరు భార్య అది విని, పాప చదువుకుంటోంది, ఇంకేదో పరీక్ష రాస్తుంది అని వీధంతా చెప్పింది. గ్యాస్ సిలిండరు తెచ్చే ఆయనను ఒకసారి గుమ్మం దగ్గర పావుగంట నిలబెట్టి, ఎండల గురించి, వాళ్ళ ఊరి గురించి, వాళ్ళ ఆవిడ నడుం నొప్పి గురించి అడిగాను. తరువాతి నెల ఆయన సిలిండరు మెట్ల కిందే దించి, కిందినుంచే ఒక కేకేసి వెళ్ళిపోయాడు. పద్దెనిమిది మెట్లూ దాన్ని నేనే ఈడ్చుకున్నాను.

ఆఫీసువాళ్ళకు మా బాధ తెలియదని అనను. శుక్రవారం నాలుగింటికి అందరూ టీ గ్లాసు పట్టుకుని కెమెరా ముందు కూర్చోవాలని ఒక పద్ధతి పెట్టారు. పని గురించి తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చు. ఎనిమిది గడుల్లో ఎనిమిది మంది గ్లాసులు పట్టుకుని, ఎవరు ముందు మాట్లాడతారా అని చూసుకుంటూ ఉండేవాళ్ళం. పెళ్ళిచూపుల్లో కూడా అంత ఇబ్బంది ఉండదు. ఐదో వారానికి ముగ్గురం మిగిలాం. ఆరో వారం నేనొక్కదాన్నే గ్లాసు పట్టుకుని ఇరవై నిమిషాలు నా ముఖం నేను చూసుకుని ఆపేశాను.

ఇంటర్నెట్లో సలహాలకు కరువు లేదు. బయటికి పోయి నలుగురి మధ్య కూర్చుని పని చేసుకోమంటారు. బస్టాండు దగ్గర టీ కొట్టు బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. బెంచీ మీదున్న మగవాళ్ళు మర్యాదగా లేచి, బెంచీ మొత్తం నాకే వదిలేసి, గ్లాసులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. రెండో రోజు పోలేదు. లైబ్రరీకి పోయాను. పేపర్లు చదివే నలుగురు ముసలాళ్ళు, ఒక ఫ్యాను. ఫోన్ మోగితే బయటికి పొమ్మన్నారు, నా ఉద్యోగమేమో రోజుకు పదిసార్లు మోగేది. ఇక ఇంట్లోనే.

అప్పుడే మా పక్క వీధిలో ఒక ముసలామె చనిపోయింది.

కింద ఓనరు భార్యను నేను అక్కా అంటాను. ఆమె మంచిదే, ఊరి సంగతులన్నీ కావాలి, అన్నీ చెప్పాలి. ఆ రోజు భోజనాల వేళకు పైకి వచ్చి, "రా పాపా, పలకరించొద్దాం. ఒక్కదానివే ఈడ కుచ్చోని ఏం చేస్తాండావు" అంది. నాకు మధ్యాహ్నం గంట సేపు విరామం ఉంటుంది. చున్నీ వేసుకుని వెంట పోయాను.

పలకరించడం అన్న మాటకు మాకు రెండు అర్థాలు. ఎదురుపడిన మనిషిని బాగున్నావా అనడం ఒకటి, చావు జరిగిన ఇంటికి పోయి కూర్చోవడం ఇంకొకటి. ఆ మాట గురించి నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు గడప దాటగానే చనిపోయినామె కూతురు లేచి వచ్చి, నా మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, "మాయమ్మ పాయనే, ఇంగ నాకెవురుండారే" అని భుజం మీద పడి ఏడ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. మా దిక్కున ఆడవాళ్ళకు అది పద్ధతి, వచ్చినామె ఎవరైనా సరే మెడ పట్టుకుని ఒక విడత ఏడ్చి, ఆ తర్వాతే కూర్చోబెడతారు. ఆమె చెంప తడి నా మెడకు తగిలింది. కొబ్బరినూనె, చెమట కలిసిన వాసన. నన్ను ఒక మనిషి ముట్టుకుని ఐదు నెలలైంది. బస్సులో పక్క సీటువాళ్ళను వదిలేసి చెబుతున్నాను.

నాకు ఏడుపు వచ్చింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఆమెకంటే గట్టిగా ఏడ్చాను. చనిపోయినామె ముఖం కూడా నేను సరిగా చూడలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణానికి హాయిగా ఉండింది.

తర్వాత ఆడవాళ్ళ మధ్య చాప మీద అరగంట కూర్చున్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతూ, ఒకరి కొంగు ఒకరి ఒళ్ళో పడుతూ కూర్చోవడం ఎంత బాగుంటుందో అప్పటిదాకా మరిచిపోయి ఉన్నాను. లేచేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే లేచాం. ఇంటికి వచ్చి మెట్ల కిందే తలకు పోసుకుని పైకెక్కాను. ఆ మధ్యాహ్నం నా పనిలో ఒక్క తప్పు కూడా రాలేదు. లీడరు బాగుందని రాశాడు.

అలా మొదలైంది. రెండోసారి ఓనరక్క కోసం ఆగలేదు. చావు తప్పెటలు ఎక్కడ మోగుతున్నాయో విని పోయాను. సర్కిల్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడితే ఆ ఇల్లు ఎక్కడో కిరాణా కొట్టులో అడిగి పోయాను. కొన్ని నెలల్లో ఏడెనిమిది ఇళ్ళకు పోయి ఉంటాను. నాకూ కొన్ని కట్టుబాట్లు ఉండేవి. వయసు మళ్ళినవాళ్ళ ఇళ్ళకే పోతాను, చిన్నవాళ్ళు పోయిన ఇంటి వైపు తొంగి కూడా చూడను. ఎవరి ఇంట్లోనూ తిననూ, తాగనూ. భోజన విరామం దాటి కూర్చోను. చావు ఇళ్ళకు కూడా టైము ప్రకారం పోయి వచ్చే మనిషినయ్యాను.

ఒకసారి చర్చి వీధిలో ఒక కుటుంబం వాళ్ళు పోయిన పెద్దాయన పేరున ఆదరణ కూటం పెట్టుకున్నారు. అక్కడికీ పోయాను. పాటలు పాడి, చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. అంతా అయ్యాక పాస్టరుగారి భార్య నా చెయ్యి వదలకుండా, "నీ పేరేం తల్లీ, నీకేం కష్టమొచ్చె? ప్రార్థనలో పెడతాం" అని అడిగింది. ఎంత మెత్తగా అడిగిందో చెప్పలేను. ఫోన్ మోగుతోందని అబద్ధం చెప్పి చెప్పులేసుకుని వచ్చేశాను. మనిషి కావాలని ఏడ్చేది నేనే, మనిషి నిజంగా నా వైపు తిరిగి అడిగితే పారిపోయేది నేనే. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది. వారం తిరక్కుండానే ఇంకో ఇంటికి పోయాను.

ఓనరక్క ఒకటి రెండుసార్లు గమనించింది. మిట్టమధ్యాహ్నం తడితలతో మెట్లెక్కుతుంటే అడ్డం వచ్చి, "ఈ యాళప్పుడు తలకు పోసుకుంటాండావే, యాడికి పోయొస్తివి?" అని అడిగింది. తల దురదగా ఉందన్నాను. ఆమె కుంకుడుకాయలు పంపింది. అవి ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున మీటింగులో ఒక్కొక్కరం నిన్నటి పని చెప్పాలి. వరుసగా ఏడుగురు చెప్పారు. లీడరు, "అందరూ అయిపోయారు కదా?" అన్నాడు. ఎవరో "అయిపోయారు" అన్నారు. నేను మైకు నొక్కి నోరు తెరిచేలోపు మీటింగు మూసేశారు. పెద్ద విషయమేమీ కాదు. తర్వాత రాసి పంపితే సరిపోయేది, పంపాను కూడా. లీడరు సరేనన్నట్టు బొటనవేలి బొమ్మ పెట్టాడు. కానీ "అయిపోయారు" అన్న ఆ గొంతు ఎవరిదో పొద్దుటి నుంచి చెవిలో తిరుగుతూనే ఉంది. నాలుగేళ్ళు ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఒకరి డబ్బాలో ఒకరం తిన్నవాళ్ళం.

మధ్యాహ్నం మార్కెట్టు వీధి వెనక షామియానా వేసి ఉండడం చూసి పోయాను. పిండిమిషను ఇల్లది. ముందు గదిలో మిషను, వెనక రెండు గదుల్లో కాపురం. మిషను ఆడించే ఆయనే గుండెపోటుతో పోయాడట. అరవై దాటి ఉంటాయి. నేనెప్పుడూ ఆ మిషను దగ్గరికి పిండికి పోలేదు, నేను ప్యాకెట్ పిండి తెచ్చుకునే రకం. ఆయనను అద్దాల ఫ్రీజరు పెట్టెలో పెట్టారు. చుట్టూ పట్టుమని పదిమంది ఆడవాళ్ళు లేరు. ఏడుపు కూడా పలచగా ఉంది. ఆయన భార్య గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊరికే చూస్తోంది. లేచి నా మెడ పట్టుకోలేదు. ఎవరూ పట్టుకోలేదు.

నేనే పోయి పెట్టె పక్కన కూలబడ్డాను. ఎందుకో ఆపుకోలేకపోయాను. పొద్దుటిదంతా, ఆ వేసవంతా, ఆ రెండేళ్ళంతా ఒక్కసారి కట్ట తెగింది. తల అద్దానికి ఆనించి పెద్దగా ఏడ్చాను. నోటికి ఏవేవో మాటలు కూడా వచ్చాయి. మా ఆడవాళ్ళు ఏడిస్తే మాటలతోనే ఏడుస్తారు, అన్ని ఇళ్ళలో విని విని నాకూ అలవాటైంది. ఏమన్నానో ఆ క్షణాన నాకే తెలియదు. ఎవరో ఇద్దరు రెక్కలు పట్టుకుని పక్కకు జరిపి నీళ్ళిచ్చారు. తల ఎత్తి చూసేసరికి గదంతా నిశ్శబ్దంగా ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

ఆ చూపు అర్థం కావడానికి నాకు ఒక రోజు పట్టింది.

మర్నాడు ఓనరక్క పైకి వచ్చి, గడప అవతలే నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "పాపా, నిజం చెప్పు. ఆ మిషనాయప్ప నీకేమైతాడు?"

"ఏమీ కాడక్కా."

"ఏమీ కాకుంటే అట్ల ఏడుస్తారా? చుట్టమా పక్కమా? పెండ్లి గాని పిల్లవి. మార్కెట్టంతా అనుకుంటాండారు. పొద్దస్తమానం తలుపేసుకోని ఉంటాది, మిట్టమద్యానం యాడికో పోయొస్తాది, వచ్చి తలకు పోసుకుంటాది అని. నేనేం చెప్పల్ల వాళ్ళకు?"

ఆ తలస్నానాల సంగతి మార్కెట్టుకు చెప్పింది ఎవరో అడగాలనిపించింది, అడగలేదు. ఊరికే ఏడుపు వచ్చి ఏడ్చానని చెప్పాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "ఊరికే ఎవురేడుస్తారు పాపా" అంది. అందులో తప్పేముంది? నాకెవరైనా ఇలాంటి కథ చెబితే నేనూ నమ్మను. ఆ వారం నుంచి కింది నుంచి కూరలు రావడం ఆగిపోయింది. నేను పాలకు పోతే నలుగురు మాటలాపి నా చెప్పుల వైపు చూసేవాళ్ళు. అంతవరకు నేనున్నానో లేదో పట్టని ఊరు, ఒక్కసారిగా నేను ఎప్పుడు లేస్తానో ఎప్పుడు దీపం ఆర్పుతానో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అమ్మకు చెప్పలేదు. ఫోన్లో, "తింటివా?" అంటే, "తింటి" అన్నాను. "ఒంటిమిట్టకు పోతాండాం, నువ్వూ రా" అంది. సెలవు లేదన్నాను.

నా పరువు సంగతి పక్కన పెడితే నన్ను నిద్ర పోనివ్వనిది ఆయన భార్య. ముప్ఫై ఏళ్ళ కాపురం చేసిన మనిషి. మొగుడు పోయిన రోజునే, ఊరందరి ముందు, ఎవతో వచ్చి శవం మీద పడి ఏడ్చింది. ఆమె ఇక ఆయనను తలుచుకుని ఏడవాలన్నా నేను అడ్డం వస్తాను కదా. పోయి చెప్పాలనుకున్నాను. రెండుసార్లు ఆ వీధి మొగ దాకా పోయి వెనక్కి వచ్చాను. వాకిట్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నేనేం చెప్పేది? మీ మీద ప్రేమతో కాదు, నాకు మాట్లాడేవాళ్ళు లేక మీ శవాల దగ్గరికి వస్తున్నాను అనా?

దినాలు అయిపోయిన నాలుగో రోజు ఆమే వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంట. మెట్ల మీద చప్పుడైతే తలుపు తీశాను. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా ఎక్కుతోంది. కింద ఓనరక్క తలుపు దబ్బున మూసుకుంది. మొగుడు పోయినామె నెల తిరక్కుండా ఒకరి గడప ఎక్కకూడదు, అయినా వచ్చింది. జుట్టు పట్టుకుంటుందనే అనుకున్నాను. పట్టుకోనీ అని కూడా అనుకున్నాను.

"లోపలికి రాండి అమ్మా."

"రానులే. నేను రాగూడదు" అని, పై మెట్టు మీదే కూర్చుంది. నేను గడప ఇవతల నేల మీద కూర్చున్నాను. ఎండకు ఆమె ముఖం కందిపోయింది. నీళ్ళు తెస్తానంటే వద్దంది. కాసేపు ఊపిరి తీసుకుని, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నేను కొట్లాడేకి రాలేదు. మా వదినె, మా మరదలు అందురూ నన్ను ఎగేస్తాండారు, పోయి నిలదీసి అడుగు అని. నాకా కోపం ల్యా. ఆ వయసూ ల్యా."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆగమంది.

"ముప్పై ఒక్క యేండ్లు ఆయప్పతో కాపురం చేసినా. ఇంట్లోనే మిషను. పొద్దన ఏస్తే మాపటేల దంక ఆడ్తాండె. మిషను ఆడ్తాంటే మాట ఇనపడదు గదా, చేత్తో సైగ చేస్తాండె. బువ్వ పెట్టు, నీళ్ళు తే, అంతే. మొదట్లో మిషను నిలిపినాక రోంత మాట్లాడ్తాండె. పోను పోను నిలిపినాక గూడ సైగే. మాట మరిసిపాయ. తిట్టల్యా, కొట్టల్యా, తాగి రాల్యా. మాట ఒక్కటే ల్యాదు. నేను గూడ ఇంగ అడిగేది మానుకుంటి. అది ఆయప్ప గుణం లే అనుకుంటి."

అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు ఏడిస్తివి గదా. ఇంగ నాతో మాట్లాడేదెవురు, నన్ను పలకరించేదెవురు అని. అందురూ ఇనిరి. నేనూ ఇంటి. అంటే నీతో మాట్లాడ్తాండె గదా."

నేనా మాటలన్నానని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాతో మాట్లాడని మనిషి నీతో ఏం మాట్లాడ్తాండెనో తెలుసుకోని పోదామని వచ్చినా. అంతే. నిన్నేం అనను." కొంగు వేలికి చుట్టుకుంటూ, ఇంకాస్త నెమ్మదిగా అడిగింది. "నా గురించి ఏమన్నా చెప్తాండెనా?"

ఇక్కడ నేను ఏం చేశానో రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

నేను గబగబా మొత్తం చెప్పేశాను. ఆయనెవరో నాకు తెలియదన్నాను. ఆ మధ్యాహ్నమే మొదటిసారి చూశానని ఒట్టు పెట్టాను. నా ఉద్యోగం, నా గది, నాలుగ్గోడల మధ్య మాట లేకుండా గడిచే రోజులు, పక్క వీధి ముసలామె, చర్చి వీధి, అన్నీ చెప్పాను. మీ ఆయన కోసం కాదమ్మా, నా కోసం ఏడ్చుకున్నాను, నన్ను నమ్మండి అని ఆమె చేతులు పట్టుకున్నాను. అవి చల్లగా ఉన్నాయి. చెప్పడం అయ్యాక ఆమె అడిగింది.

"చూడనే ల్యాదా?"

"ల్యాదమ్మా."

"ఒక్క మాట గూడ మాట్లాడల్యా?"

"ల్యాదు."

ఆమె మెట్ల కిందికి చూసింది. ఆ తర్వాత, నాతో కాదు, తనలో తనే అన్నట్టు, "అట్లయితే ఆయప్ప ఎవురితోనూ మాట్లాడల్యా" అంది.

చేతులు విడిపించుకుని లేచింది. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. నేను చూస్తూ నిలబడ్డాను. నిజం రాయాలంటే, ఆమె దిగుతుంటే నాకు మొట్టమొదట కలిగింది ఊరట. అమ్మయ్య, చెప్పేశాను, నా మీద మచ్చ పోయింది అనుకున్నాను. ఓనరక్కకు కూడా ఈమే చెబుతుంది, ఊరికీ తెలుస్తుంది అని లెక్కలేసుకున్నాను. రెండు గంటలకు లాగిన్ అయ్యి, మూడు కాగితాలు పూర్తి చేశాను. నాలుగో దాంట్లో ఎవరో మనిషికి ఎడమ చెవి వినబడదని రాసి ఉంది. అది చదువుతూ ఉండగా ఆమె అడిగింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆమె నా నీతి గురించి తెలుసుకోవడానికి రాలేదు. అంత ఎండలో, రాకూడని రోజుల్లో, ఆ మోకాళ్ళతో మెట్లెక్కి, మొగుడి ఉంపుడుగత్తె అనుకున్న మనిషి ముందు కూర్చుని, ఆయన నోటి మాట ఏదైనా మిగిలిందా అని అడగడానికి వచ్చింది. ఇంకొకతె ఉన్నా ఫరవాలేదు, మాట అంటూ ఉంటే చాలనుకుంది. ఆ దినాలన్నీ ఆమె ఆ ఒక్క ఆశతో గడిపిందేమో. నేను దాన్ని కూడా తీసేశాను, నా పేరు కడుక్కోవడానికి. పోనీ కడుక్కున్నానా అంటే అదీ లేదు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఊరు ఇప్పటికీ అదే చూపు చూస్తోంది.

పలకరింపులకు పోవడం మానేశాను. తప్పెటలు వినబడితే కిటికీ మూసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను. నెల తర్వాత పిండిమిషను మళ్ళీ ఆడుతోందని, ఆమే ఆడిస్తోందని పాలామె చెప్పింది. పోయి ఆమె ముందు నిలబడే ముఖం నాకు లేదు. పోయినా, ఆ చప్పుడులో ఏం వినబడుతుంది?

రోజులు ముందులాగే ఉన్నాయి, కాదు, ముందుకంటే అధ్వానంగా ఉన్నాయి. నంబర్లు వేస్తూ ఉంటాను. వేస్తూ వేస్తూ, ఆమెకు చెప్పాల్సిన అబద్ధాలు తయారు చేస్తూ ఉంటాను. మీ గురించే చెప్పేవాడమ్మా, మా ఆడామె సంగటి కెలికితే ఉండ కట్టదు అని చెప్పేవాడు. పిండి దుమ్ముకు ఆమెకు దగ్గొస్తాంది, ఇంగ మిషను అమ్మేస్తా అనేవాడు. మాట్లాడాలని ఉంటాది గానీ యాడ మొదులుపెట్టాల్నో తెల్దు అనేవాడు. ఒక్కోసారి మాటలు ఎంత బాగా కుదురుతాయంటే, పని ఆపి పైకే అని చూసుకుంటాను. కింద ఓనరక్క వింటుందేమో తెలియదు. ఆ మాటల్లో ఒక్కటి ఆ మధ్యాహ్నం నోటికి వచ్చి ఉంటే, ఆమె దాన్ని కొంగున కట్టుకుని ఇంటికి పోయేది. ఇప్పుడు పోయి చెబితే నమ్మదు, నిజం ముందే చెప్పేశాను.

అద్దాల పెట్టెలో ఒక్కసారి చూసిన ముఖం, దానికి నేనే పెట్టిన గొంతు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఈ గదిలో నాతో మాట్లాడుతున్నది ఇప్పుడు ఆయన ఒక్కడే.